ఎడమవైపు గడ్డ కోసం ఎమ్మారైకి వెళితే కుడివైపు మచ్చ కనిపించింది

రాత్రిరాణి
నిద్ర పట్టక రాస్తున్నాను, కాస్త పొడుగైతే ఓర్చుకోండి. నా వయసు 43. రెండు నెలల క్రితం ఎడమ రొమ్ములో గోలీ అంత గడ్డ చేతికి తగిలింది. మామోగ్రామ్ తీశారు. కణజాలం చాలా దట్టంగా ఉంది, తరగతి డి, దీన్నిబట్టి ఏమీ తేల్చలేం అని రాశారు. అల్ట్రాసౌండ్‌లో 14 మిల్లీమీటర్ల గడ్డ కనిపించింది, ఫైబ్రోఅడినోమా, అంటే క్యాన్సర్ కాని గడ్డ లాగే ఉందన్నారు. అక్కడితో ఆగిపోయేదే. కానీ మా పిన్నికి 39వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది, అంతకుముందు అమ్మమ్మకూ వచ్చింది. ఆ సంగతి విన్నాక డాక్టరు ఎమ్మారై కూడా చేయిద్దాం అన్నారు.

నిన్న రిపోర్టు చేతికొచ్చింది. ఎడమవైపు గడ్డ గురించి రెండే వాక్యాలు: ఫైబ్రోఅడినోమాయే, భయం లేదు. కుడివైపు గురించి మాత్రం అర పేజీ. 7 మిల్లీమీటర్ల మచ్చ, మందు పీల్చుకుంటోంది, బై-రాడ్స్ 4, బయాప్సీ (ముక్క తీసి పరీక్షించడం) అవసరం. కుడివైపు నాకు నొప్పి లేదు, గడ్డ లేదు. మామోగ్రామ్‌లో ఏమీ లేదు, అల్ట్రాసౌండ్‌లోనూ లేదు. మొన్నటి వరకు నా కుడి రొమ్ము మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

అడగదలచింది ఇది. ఆ రెండు పరీక్షలకూ కనిపించనిది దీనికెలా కనిపించింది? పొరబడింది ఇదా, అవా?

ముక్కుసూటి
తీగ లాగితే డొంకంతా కదిలిందని ఇందుకే అంటారు. వెతకడం మొదలుపెడితే ఎవరి ఒంట్లోనైనా ఏదో ఒకటి దొరుకుతుంది. మా చెల్లెలికి ఇలాగే ఎమ్మారై చూసి మూడేళ్లలో నాలుగు బయాప్సీలు చేశారు. నాలుగింట్లోనూ ఏమీ లేదు. భూతద్దం పెట్టుకుంటే చీమ కూడా ఏనుగే.

పిచ్చుకగూడు
నా విషయంలో ఆ చీమ నిజంగానే ఏనుగు, ముక్కుసూటి గారూ. రెండేళ్లు వరుసగా మామోగ్రామ్ బాగుందన్నారు. ఒకచోట చర్మం కింద కాస్త మందంగా అనిపించేది, అంతే. ఎమ్మారైలో మూడు సెంటీమీటర్ల లోబ్యులర్ క్యాన్సర్, అంటే పాల గ్రంథుల్లో మొదలయ్యే రకం, బయటపడింది. ఈ రకంలో కణాలు ముద్దగా కట్టవు, చీమలబారులా ఒకదాని వెనక ఒకటి పాకుతాయి. అందుకే గడ్డ చేతికి దొరకదు, మామోగ్రామ్‌లో నీడా సరిగా పడదు. పైగా నాదీ దట్టమైన కణజాలమే. దానిలో కణితిని వెతకడమంటే సున్నం కొట్టిన గోడ మీద సున్నపు చుక్కను వెతకడమే.

రాత్రిరాణీ, నిద్ర పట్టకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎప్పుడు రాయాలనిపించినా రాయండి.

మూడోకన్ను
రేడియాలజిస్టును. మీ చిత్రాలు నేను చూడలేదు కనుక మీకు ఏముందో చెప్పను. మీ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పగలను.

మూడు పరీక్షలూ మూడు వేర్వేరు సంగతులు అడుగుతాయి. మామోగ్రామ్ ఎక్స్‌రే, అది సాంద్రతను చూస్తుంది. గ్రంథి కణజాలం తెల్లగా పడుతుంది, కణితీ తెల్లగానే పడుతుంది. అల్ట్రాసౌండ్ ధ్వని ఎక్కడ ఎలా తిరిగి వస్తుందో చూస్తుంది. ఎమ్మారై చూసేది ప్రధానంగా రక్తం నడకను. మీ చేతి నరంలోకి ఎక్కించింది గాడోలినియం ఉన్న మందు. పెరగాలనుకునే కణితి తన కోసం కొత్త రక్తనాళాలు పుట్టించుకుంటుంది. హడావిడిగా కట్టిన నాళాలు కనుక వాటి గోడలు కారుతుంటాయి. మందు అక్కడికి గబగబా చేరి బయటికి జారుతుంది, ఆ చోటు వెలుగుతుంది. అంటే ఆకారం ఇంకా తేలని దశలోనే రక్తం ఎక్కువగా లాగుతున్న చోటు బయటపడుతుంది. మిగతా రెంటికీ దొరకనిది దీనికి దొరకడానికి కారణం అదే.

ఇబ్బంది ఏమిటంటే రక్తం ఎక్కువగా లాగేది క్యాన్సర్ ఒక్కటే కాదు. కొన్ని ఫైబ్రోఅడినోమాలు లాగుతాయి, పాల నాళాల్లో పుట్టే పాపిలోమాలు లాగుతాయి, వాపు లాగుతుంది, రొమ్ములోనే ఉండే చిన్న లింఫ్ గ్రంథి కూడా లాగుతుంది. కాబట్టి ఇక్కడ ఏ యంత్రమూ పొరబడలేదు. ఏదో ఉంది. అదేమిటో చెప్పడం ఎమ్మారై పని కాదు, బయాప్సీ పని.

సందేహాల_సంచి
బై-రాడ్స్ 4 అంటే పదికి నాలుగా? అలాగైతే తప్పినట్టేనా, గట్టెక్కినట్టేనా?

మూడోకన్ను
మార్కులు కావు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ వారు రిపోర్టులన్నీ ఒకే భాషలో ఉండాలని పెట్టిన అంకెలు. సున్నా అంటే పరీక్ష ఇంకా పూర్తి కాలేదు. 1, 2 నిశ్చింత. 3 అంటే దాదాపుగా హాని లేనిదే, క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు, కొన్ని నెలలాగి మళ్లీ చూస్తారు. 5 అంటే 95 శాతం లేదా ఆపైన. 6 ఇప్పటికే నిరూపితమైనది. ఆ 3కూ 5కూ మధ్య మిగిలిన విశాలమైన మైదానమంతా 4. రెండు శాతం పైనుంచి 95కు కాస్త కిందివరకు. అందుకే ఒక్క 4 అనే అంకె చూసి ఏడవడమూ కుదరదు, నవ్వడమూ కుదరదు.

సందేహాల_సంచి
రెండు నుంచి 95 వరకు ఒకే గంపలో పోశారా! మా కార్యాలయంలో ఖర్చుల పద్దు ఇంతకంటే స్పష్టంగా ఉంటుంది.

గడగడల_గది
పదహారేళ్లుగా ఎమ్మారై గదిలో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. రాత్రిరాణి గారూ, ఒక్క సంగతి చెప్పండి. పరీక్ష రోజు మీ నెలసరిలో ఎన్నో రోజు?

రాత్రిరాణి
లెక్క చూశాను. 24వ రోజు. ఎవరూ అడగలేదు. అడగాలా?

గడగడల_గది
అడగాలి. నెలసరి ఇంకా ఆగనివారికి, తొందరేమీ లేని పరీక్షైతే, 7 నుంచి 14వ రోజు లోపు పెట్టుకోవడం మంచిది. ఆ తర్వాత హార్మోన్ల వల్ల మామూలు గ్రంథి కణజాలమే మందు పీల్చుకుని అక్కడక్కడ వెలుగుతుంది. ఆకాశం నిండా చుక్కలున్నప్పుడు కొత్త చుక్క ఏదో పోల్చుకోవడం కష్టం. నేను తేదీ ఇచ్చేటప్పుడు ఫోనులోనే అడుగుతాను. కొందరు 'అది మీకెందుకు' అని కోప్పడతారు కూడా.

ముక్కుసూటి
చూశారా. తప్పు రోజున తీసి, వెలిగిన ప్రతిదానికీ సూది గుచ్చుతామంటారు. నేనైతే సరైన రోజున మళ్లీ తీయమంటాను. అప్పుడు మాయమైపోతుంది.

మూడోకన్ను
ఆగండి. 24వ రోజు తీయడం మంచి పద్ధతి కాదు, ఒప్పుకుంటాను. అంతమాత్రాన కనిపించినదంతా హార్మోన్ల మాయ అయిపోదు. హార్మోన్ల వెలుగు సాధారణంగా రెండువైపులా, చెదురుమదురుగా ఉంటుంది. ఒక ఆకారం కట్టిన గడ్డ దానికి భిన్నం. స్పష్టమైన ఆకారం లేకుండా పరుచుకున్న వెలుగైతే మళ్లీ తీసి చూడటంలో అర్థం ఉంది. క్యాన్సర్ అని అప్పటికే తేలినవారికైతే నెలసరి లెక్కలు చూడం, వెంటనే తీస్తాం. రాత్రిరాణి గారూ, ఆ మచ్చ అంచుల గురించి, మందు పీల్చుకున్న తీరు గురించి రిపోర్టులో ఏం రాశారు?

రాత్రిరాణి
ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: అంచులు క్రమంగా లేవు. మొదటి రెండు నిమిషాల్లో మందు వేగంగా చేరింది, ఆ తర్వాత నిలకడగా ఉంది. టీ2 చిత్రాల్లో (నీరున్న చోటు తెల్లగా పడే రకమట) తెల్లగా లేదు. ఇందులో మంచి మాట ఏదైనా ఉందా?

మూడోకన్ను
మందు ఎక్కించాక వరసగా చాలాసార్లు చిత్రాలు తీస్తారు. ఒక చోటు నెమ్మదిగా వెలుగుతూనే పోతే అది ఎక్కువగా నిరపాయం. గబుక్కున వెలిగి గబుక్కున ఆరిపోతే అనుమానం బలపడుతుంది. మీది మధ్యది, వెలిగి నిలబడింది. అది రెండువైపులా మాట్లాడే సాక్షి. అంచుల మాటకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. అంచు క్రమంగా లేదన్నారు కాబట్టి మళ్లీ తీసి చూద్దామని కూర్చోను, బయాప్సీకే వెళతాను. మంచి మాట కావాలంటే: 7 మిల్లీమీటర్లు. ఏదైనా సరే, చిన్నది.

తోకచుక్క
చర్చ మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నాకు వచ్చే వారం ఈ పరీక్ష ఉంది, ఇరుకు చోటంటే భయం. లిఫ్టు కూడా ఎక్కను. ఎవరైనా చేయించుకున్నవాళ్లు నిజం చెప్పండి.

పిచ్చుకగూడు
నిజమే చెబుతాను. బోర్లా పడుకోవాలి. బల్ల మీద రెండు గుంటలుంటాయి, రొమ్ములు వాటిలోకి వేలాడతాయి. నుదురు ఆనించడానికి మెత్తటి చట్రం. చూపు కిందికే కాబట్టి పైకప్పు మీద పడుతున్నట్టు అనిపించదు, ఆ మేరకు వెల్లకిలా పడుకునే పరీక్షలకంటే నయం. నాకు భయం కంటే రొమ్ము ఎముక మీద పడే బరువే బాధ పెట్టింది. దాదాపు అరగంట.

గడగడల_గది
కాళ్లు ముందుగా లోపలికి పంపమని అడగండి, చాలా యంత్రాల్లో వీలవుతుంది. చేతికి ఒక రబ్బరు బంతి ఇస్తాం, నొక్కితే ఆపేస్తాం. చప్పుడు మాత్రం తప్పదు. లోపలి తీగచుట్టల్లో కరెంటు మారినప్పుడల్లా అవి అదిరి ఆ మోత వస్తుంది. చెవులకు మూతలు పెట్టకుండా మొదలుపెట్టకూడదు. మీ దగ్గర మాకు కావలసింది ఒక్కటే: కదలకండి. మందు ఎక్కించకముందు తీసిన చిత్రాన్ని ఎక్కించాక తీసిన దానిలోంచి తీసివేసి చూస్తారు. మధ్యలో మీరు కాస్త జరిగితే ఆ లెక్క చెడి లేని అంచులు పుట్టుకొస్తాయి. దగ్గు వస్తే ముందే చెప్పండి, మధ్యలో విరామం ఇస్తాం.

సందేహాల_సంచి
మా ఆవిడ లోపల ఆ మోతకు తాళం వేస్తూ మనసులో పాడుకుందట. బయటికొచ్చి 'నీ గురక ముందు అదెంత' అంది.

తోకచుక్క
ధైర్యం వచ్చింది. గురక మాటకు ఇంకొంచెం.

లెక్కల_పంతులు
ముక్కుసూటి గారి భూతద్దం వాదనకు అంకెలు పెడతాను. నెదర్లాండ్స్‌లో డెన్స్ అనే పరిశోధన జరిగింది, ఫలితాలు 2019లో వచ్చాయి. వయసు 50 నుంచి 75, రొమ్ము కణజాలం అతి దట్టం, మామోగ్రామ్‌లో ఏమీ లేదు. అలాంటి 40,373 మందిని రెండు గుంపులు చేసి ఒక గుంపుకు ఎమ్మారై కూడా చేయించుకోమని పిలుపు పంపారు. మామోగ్రామ్‌తోనే ఆగినవారిలో, తర్వాతి పరీక్ష వచ్చేలోపే బయటపడ్డ క్యాన్సర్లు వెయ్యికి 5. ఎమ్మారైకి పిలిచిన గుంపులో వెయ్యికి 2.5. పిలిచినవారిలో చాలామంది అసలు రాలేదు, వచ్చి చేయించుకున్నవారిని మాత్రమే లెక్కేస్తే వెయ్యికి 0.8. మధ్యలో బయటపడేవి సాధారణంగా వేగంగా పెరిగే రకాలు. వాటిని సగానికి తగ్గించడం చిన్న విషయం కాదు.

ముక్కుసూటి
అదే పరిశోధనలో రెండో అంకె దాచారు, పంతులు గారూ. ఎమ్మారైలో అనుమానం వచ్చి మళ్లీ పిలిచాక క్యాన్సర్ కాదని తేలినవారు ఎందరు?

లెక్కల_పంతులు
దాచలేదు, అడిగితే చెబుదామని ఆగాను. మొదటి విడతలో ఎమ్మారై తీసిన వెయ్యి మందిలో దాదాపు 80 మంది. రెండో విడతకు బాగా తగ్గింది, ఎందుకంటే పోల్చడానికి పాత చిత్రం ఉంది.

ముక్కుసూటి
ఆ ఎనభైలో ఒకరు మా చెల్లెలు అనుకోండి. అంకెల్లో ఆమె ఒక్కరే. ఇంట్లో మాత్రం మూడేళ్లు మరో మాట లేదు. ఇంకొకటి అడుగుతాను. ప్రాణాలు ఎన్ని దక్కాయో ఆ పరిశోధన చెప్పిందా?

లెక్కల_పంతులు
లేదు. అది కొలిచింది మధ్యలో బయటపడే క్యాన్సర్లనే. మరణాలు తగ్గాయా లేదా తేలాలంటే చాలా ఏళ్లు కనిపెట్టి చూడాలి. అయినా యూరప్ రొమ్ము చిత్రణ నిపుణుల సంఘం 2022లో, అతి దట్టమైన కణజాలం ఉన్న 50-70 ఏళ్ల వారికి రెండు నుంచి నాలుగేళ్లకోసారి ఎమ్మారై అవకాశం ఇవ్వాలని సిఫారసు చేసింది.

ముక్కుసూటి
సరే, నా అంకె కూడా వినండి. బ్రిటన్‌లో కామిస్ అనే పరిశోధన, 2010. క్యాన్సర్ అని తేలి ఆపరేషన్‌కు సిద్ధంగా ఉన్న 1,623 మంది. సగం మందికి ముందుగా ఎమ్మారై తీశారు. అంచులు బాగా తెలుస్తాయి కదా, రెండోసారి కోయాల్సిన అవసరం తగ్గుతుందని ఆశ. తగ్గలేదు. రెండు గుంపుల్లోనూ 19 శాతం. ఎక్కువ చూడటం, ఎక్కువ మేలు చేయడం ఒకటి కావు.

పిచ్చుకగూడు
దానికి నేను అడ్డు చెప్పను. ఆపరేషన్‌కు ముందు అందరికీ ఎమ్మారై అనే పద్ధతి నాకూ నచ్చదు, అది చూసి భయపడి మొత్తం రొమ్ము తీయించుకున్నవాళ్లను చూశాను. కానీ నాలాంటి లోబ్యులర్ రకానికి, మామోగ్రామ్ కొలతకూ చేతి కొలతకూ పొంతన లేనప్పుడు, అది కావాలి. నాది మామోగ్రామ్ లెక్కన సున్నా సెంటీమీటర్లు. సున్నాను చూసి ఎక్కడ కోస్తారు?

మూడోకన్ను
ఇలాంటి సందర్భాలు ఇంకొన్ని ఉన్నాయి. చంకలోని గ్రంథిలో క్యాన్సర్ కనిపించి రొమ్ములో మూలం దొరకనప్పుడు ఎమ్మారై చాలామందిలో దాన్ని పట్టిస్తుంది. ఆపరేషన్‌కు ముందే కీమో ఇస్తుంటే కణితి ఎంత తగ్గిందో చూడటానికి దీన్ని మించినది లేదు. చనుమొన నుంచి రక్తం కారుతూ మిగతా పరీక్షల్లో ఏమీ తెలియకపోతే అప్పుడూ పనికొస్తుంది. వట్టి నొప్పి ఒక్కటే ఉంటే మాత్రం ఎమ్మారై అక్కర్లేదు, నొప్పికి అది జవాబు చెప్పదు. ఇక మామోగ్రామ్ మానేసి దీన్నే పెట్టుకుందామా అంటే కుదరదు. కొన్ని తొలి దశ క్యాన్సర్లు సన్నటి సున్నపు రేణువులుగా మొదలవుతాయి. అవి మామోగ్రామ్‌లో ఇసుక చల్లినట్టు కనిపిస్తాయి, ఎమ్మారైకి కనిపించవు.

వెన్నెల_మెట్లు
గాడోలినియం మెదడులో పేరుకుపోతుందని ఎక్కడో చదివి అమ్మకు వద్దన్నాను. తప్పు చేశానా?

మూడోకన్ను
చదివింది పూర్తిగా అబద్ధం కాదు. తీగలాంటి అణు నిర్మాణం ఉన్న పాత రకం మందులు ఎక్కువగా మిగిలిపోతాయి, వాటిలో కొన్నింటిని యూరప్ మందుల సంస్థ 2017లో ఆపించింది. గాడోలినియంను పంజరంలా చుట్టి పట్టుకునే రకాలు చాలా తక్కువగా మిగులుతాయి, అలా మిగిలినదాని వల్ల మెదడుకు హాని జరిగినట్టు రుజువు కాలేదు. నిజంగా జాగ్రత్త పడాల్సింది మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారు. చర్మం, అవయవాలు గట్టిపడే ఒక జబ్బుకు ఈ మందుతో సంబంధం ఉందని 2006లో గుర్తించారు. అందుకే మూత్రపిండాల జబ్బు ఉందా అని ముందే అడుగుతారు, అనుమానముంటే రక్తపరీక్ష చేయిస్తారు. గర్భిణులకు ఈ మందు వీలైనంతవరకు ఇవ్వరు. అమ్మగారి మూత్రపిండాలు బాగుంటే ఆ ఒక్క కారణంతో పరీక్ష మానవద్దు.

వెన్నెల_మెట్లు
మందు ఎక్కించకుండా తీయకూడదా మరి?

గడగడల_గది
రొమ్ములో పెట్టించుకున్న సిలికాన్ అమరికలు చిరిగాయా అని చూడటానికైతే మందు లేకుండానే తీస్తాం. క్యాన్సర్ వెతకడానికి మందు లేకపోతే లాభం లేదు.

లెక్కల_పంతులు
దానికి చరిత్ర ఉంది. కణితికీ మామూలు కణజాలానికీ అయస్కాంత స్పందనలో తేడా ఉందని అమెరికా వైద్యుడు డమేడియన్ 1971లోనే రాశాడు. అది చూసి ఇక బయాప్సీ సూదితో పనిలేదని ఆశపడ్డారు. రొమ్ములో ఆ తేడాలు ఒకదానిమీద ఒకటి పడి ఏమీ తేలలేదు. 1986లో జర్మనీలో హైవాంగ్ బృందం గాడోలినియం ఎక్కించి చూపాకే దారి దొరికింది.

రెండో_తరం
నాది బీఆర్‌సీఏ1, రొమ్ము క్యాన్సర్ ముప్పు బాగా పెంచే జన్యు మార్పు. ఏటా ఎమ్మారై, ఇప్పటికి ఆరుసార్లు. మొదటిసారి వెనక్కి పిలిచినప్పుడు వీలునామా రాద్దామనుకున్నాను. రెండోసారి పిలిచినప్పుడు చదువుకోవడానికి పుస్తకం పట్టుకెళ్లాను. రెండుసార్లూ ఏమీ లేదు.

రాత్రిరాణీ, నాకు కుడివైపు మచ్చ కంటే మీ పిన్ని వయసు ముఖ్యమనిపిస్తోంది. 39 ఏళ్లకు, పైగా అమ్మమ్మకూ. జన్యు పరీక్ష గురించి ఎవరైనా చెప్పారా? జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 20 శాతం లేదా ఆపైన ఉన్నవారికి ఏటా మామోగ్రామ్‌తో పాటు ఎమ్మారై చేయాలని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2007లోనే చెప్పింది. చిన్న వయసులో ఛాతీకి రేడియేషన్ తీసుకున్నవారు కూడా ఆ కోవలోకే వస్తారు. మీరు ఆ గీతకు ఏ పక్కన ఉన్నారో తెలియాలి. వీలైతే మొదట పిన్నికి చేయించండి, మీకు కాదు. జబ్బు వచ్చిన మనిషిలో మార్పు దొరికితే మీలో అదొక్కటే వెతికితే చాలు. ఆమెకు చేయకుండా మీకు చేసి 'ఏమీ లేదు' అని వస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలియదు.

రాత్రిరాణి
ఎవరూ చెప్పలేదు. పిన్ని బాగానే ఉంది, అడుగుతాను.

ఇవాళ మళ్లీ అల్ట్రాసౌండ్ చేశారు. ఎమ్మారై చిత్రం పక్కన పెట్టుకుని ముప్పావుగంట వెతికారు. దొరకలేదు. చేసినావిడ కూడా నాకంటే ఎక్కువ నిరాశ పడింది. ఇప్పుడు ఎమ్మారైలోనే పెట్టి బయాప్సీ చేయాలట. దొరకలేదంటే లేనట్టే కదా, అని నాలో సగం అంటోంది.

ముక్కుసూటి
ఆ సగాన్నే నమ్మండి. ఆరు నెలలు ఆగి చూడండి.

మూడోకన్ను
ఈ ఒక్క సలహాను గట్టిగా ఖండిస్తున్నాను. ఎమ్మారైలో మీరు బోర్లా, అల్ట్రాసౌండ్‌లో వెల్లకిలా. వేలాడిన రొమ్ములో ఒకచోట ఉన్నది పరుచుకున్న రొమ్ములో సెంటీమీటర్ల దూరం జరుగుతుంది. దొరికితే సులువుగా అక్కడే సూది వేస్తారు, అందుకే వెతుకుతారు. దొరకకపోతే అనుమానం తగ్గినట్టు కాదు, దారి మారినట్టు. బై-రాడ్స్ 3 అయితే ఆరు నెలలు ఆగమని నేనే చెప్పేవాణ్ణి.

ముక్కుసూటి
ఖండించండి. నేను డాక్టరును కాను, ఆ మాట ముందే చెప్పాల్సింది. చెల్లెలి సంగతి వచ్చేసరికి నాకు నిదానం ఉండదు.

చెక్కబల్ల
నాకు ఆ బయాప్సీ జరిగింది, తెలుసుకుని వెళితే మేలని రాస్తున్నాను. మళ్లీ బోర్లానే. ఈసారి రొమ్మును గళ్ల పలకతో రెండు పక్కల నుంచి బిగిస్తారు, మామోగ్రామ్ అంత గట్టిగా కాదు. మందు ఎక్కించి చిత్రం తీసి, మచ్చ ఏ గడి వెనక ఉందో లెక్కగడతారు. బల్ల బయటికి లాగి మత్తు సూది వేస్తారు, గొట్టం దూర్చి మళ్లీ లోపలికి పంపి సరైన చోటే ఉందా అని చూసుకుంటారు. తర్వాత గాలితో లాగే సూదితో పోగులు పోగులుగా ముక్కలు తీస్తారు. మందు వెలుగు కాసేపటికి కరిగిపోతుంది, అందుకే గదిలో అందరూ పరుగులే. చివరికి ఆ చోట నువ్వుగింజ కంటే చిన్న టైటానియం గుర్తు వదిలేస్తారు. మొత్తం గంట. నొప్పి కంటే మెడ పట్టేయడం ఎక్కువ. ఒంటి మీది గాయం పచ్చగా, నీలంగా రెండు వారాలు రంగులు మార్చింది.

సందేహాల_సంచి
టైటానియం లోపలే ఉంటే తర్వాత ఎమ్మారై యంత్రం లాగేయదా?

గడగడల_గది
లాగదు, దానికి అయస్కాంతం పట్టదు. మమ్మల్ని భయపెట్టేది వేరు. రొమ్ము తీశాక చర్మం సాగదీయడానికి పెట్టే సంచుల్లో కొన్నింటికి లోపల అయస్కాంతం ఉంటుంది. ఆ సంగతి చెప్పకుండా వచ్చేవాళ్లున్నారు. మెదడులో బిగించిన పాత క్లిప్పులు, చెవిలో అమర్చిన పరికరాలు, అన్నీ చెప్పండి. మేం పదిసార్లు అడిగితే విసుక్కోకండి.

రాత్రిరాణి
అయిపోయింది. చెక్కబల్ల గారు రాసినట్టే జరిగింది, మెడతో సహా. ఒక్క తేడా. మొదట మందు ఎక్కించాక ఆ మచ్చ వెంటనే కనిపించలేదట. 'కనిపించకపోతే ఇవాళ చేయం, బిగింపు ఎక్కువైనా రక్తం చేరక వెలగకపోవచ్చు, వదులు చేసి చూస్తాం' అన్నారు. ఆ రెండు నిమిషాలు అది కనిపించకూడదని మొక్కుకున్నాను. తర్వాత కనిపించాలని మొక్కుకున్నాను. కనిపించింది. ఫలితానికి వారం.

పిచ్చుకగూడు
ఆ రెండు మొక్కులూ నాకు అర్థమయ్యాయి.

తోకచుక్క
నాదీ అయింది. కాళ్లు ముందుగానే పంపారు. బంతి రెండుసార్లు నొక్కాను, రెండోది పొరపాటున. రాత్రిరాణి గారి ఫలితం కోసం రోజూ వచ్చి చూస్తున్నాను.

రాత్రిరాణి
క్యాన్సర్ కాదు. స్క్లిరోసింగ్ అడినోసిస్ అట. చిన్న గ్రంథులు పెరిగి నారలో బిగుసుకుపోయే మార్పు. రిపోర్టు ఫోనులో చదివి వినిపించినప్పుడు మొదటి రెండు పదాలే విన్నాను, మిగతాది మర్నాడు చదువుకున్నాను.

మూడోకన్ను
చాలా సంతోషం. ఇది చిత్రాల్లో క్యాన్సర్ వేషం వేయడంలో ఆరితేరినది, కాబట్టి మీ ఎమ్మారైలో కనిపించిన తీరుకు ఈ ఫలితం సరిపోతుంది. ఆ సరిపోవడమే ముఖ్యం. చిత్రం ఒకటి చెప్పి సూది ఇంకొకటి చెబితే సూది పక్కకు పోయిందేమో అని మళ్లీ చేయాల్సి వచ్చేది. టైటానియం గుర్తు సరైన చోటే ఉందని రాశారా, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు, ఈ రెండూ చూసుకోండి.

రాత్రిరాణి
సరైన చోటే ఉందని రాశారు. ఆరు నెలలకు ఎమ్మారై. తేదీ ఈసారి నేనే చెప్పాను, తొమ్మిదో రోజు వచ్చేలా. అవతలివాళ్లు ఎందుకని అడిగితే వివరించాను కూడా.

ముక్కుసూటి
మీకు ఏమీ లేనందుకు నిజంగా సంతోషం. కానీ ఒప్పుకోండి, ఐదో బయాప్సీ కూడా ఖాళీయే. నా లెక్కలో.

పిచ్చుకగూడు
మీ లెక్కలో నాదెందుకు లేదు?

రాత్రిరాణి
ఇద్దరూ నా రొమ్మును సాక్ష్యానికి పిలవకండి. మూడు వారాలు నిద్ర లేకుండా పోయింది నిజం, ముక్కుసూటి గారూ. ఆరు నెలలు ఆగమన్న మీ మాట వినుంటే అది ఆరు నెలలు పోయేది. పిచ్చుకగూడు అక్కా, ఎడమవైపు గడ్డకు అల్ట్రాసౌండే సరిపోయిందన్నదీ నిజం. అసలు నా కుటుంబ చరిత్రకు ఏటా ఎమ్మారై కావాలో వద్దో ముందు తేల్చి, కావాలంటే సరైన రోజున తీసి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదేమో, లేక ఇదే జరిగేదేమో. రెండో_తరం గారూ, పిన్ని నిన్న రక్తం ఇచ్చింది. 'నా జబ్బు ఎవరికైనా పనికొస్తుందంటే ఇంకో సీసా తీసుకోమను' అంది.

రెండో_తరం
పిన్నిగారికి నా నమస్కారం చెప్పండి. ఫలితం ఎటు వచ్చినా ఇక్కడ రాయండి.

ఆకుపచ్చ_గొడుగు
చర్చ అంతా చదవలేదు. మా అమ్మకు పేస్‌మేకర్ ఉంది, రొమ్ము ఎమ్మారై రాశారు. వెళ్లవచ్చా?

గడగడల_గది
పేస్‌మేకర్ రకం తెలియకుండా ఎవరూ చెప్పలేరు. కొత్తవాటిలో చాలావరకు షరతులతో వీలవుతుంది, పాతవాటిలో కష్టం. అమర్చినప్పుడు ఇచ్చిన కార్డు దగ్గర పెట్టుకుని విడిగా చర్చ మొదలుపెట్టండి, అక్కడ జవాబిస్తాను.